పాత క్యామ్రీలో రెండు ఆయిళ్లు: ప్రాజెక్టు డైరీ

బండి, దాని మీద ఫిర్యాదు

బండి 1996 టొయోటా క్యామ్రీ. నాలుగు సిలిండర్ల 2.2 లీటర్ల ఇంజిన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. అమెరికాలో చదువుకున్న తెలుగువాళ్లకు ఇలాంటి బండి చరిత్ర విడమరిచి చెప్పనక్కరలేదు. ఒకరు ఎమ్మెస్ ముగించి ఉద్యోగానికి వేరే రాష్ట్రం వెళ్తూ జూనియర్‌కు అమ్ముతారు, ఆ జూనియర్ ఇంకో జూనియర్‌కు అమ్ముతాడు. చేతులు మారిన ప్రతిసారీ టైర్ల గురించి, బ్యాటరీ గురించి, ఏసీ గురించి మాట్లాడుకుంటారు. గేర్‌బాక్స్ ఆయిల్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఇప్పుడు ఈ బండి మా మేనల్లుడి వంతుకు వచ్చింది. డాలస్ శివార్లలో మా ఇంటికి అరగంట దూరంలో వాడి యూనివర్సిటీ. మీటరు రెండు లక్షల మైళ్లు దాటింది. డ్యాష్‌బోర్డు అరలో రసీదుల కట్ట ఉంది గానీ, అందులో ట్రాన్స్‌మిషన్ అన్న మాట ఒక్కచోట కూడా కనిపించలేదు.

ఫిర్యాదులు రెండు. ఉదయం మొదటిసారి పార్క్ నుంచి రివర్స్‌కు లాగితే గేర్ వెంటనే పడదు. ఒకటి రెండు క్షణాలు ఆగి, అప్పుడు ఒక కుదుపుతో పడుతుంది. రెండోది, హైవే మీద అరవై మైళ్ల వేగం దగ్గర కింది నుంచి సన్నటి రొద. మొదటిది వింటే ఆయిల్ తగ్గిందేమో అనిపిస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పని జారుడు కోసం మాత్రమే కాదు. పంపు దాన్ని ఒత్తిడితో తోస్తేనే లోపలి క్లచ్ పలకలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని దాటించేది కూడా ఆ ఆయిలే. మట్టం తగ్గి పంపు కొంచెం గాలి పీల్చినా ఒత్తిడి పడిపోతుంది, గేర్ ఆలస్యంగా పడుతుంది. రొద సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టాను.

"మామయ్యా, ఏదైనా షాపులో ఇచ్చేద్దామా?" అన్నాడు వాడు. "కొలిచి చూడటానికి షాపు ఎందుకురా, గుడ్డ ముక్క చాలు" అన్నాను.

చల్లగా ఉన్నప్పుడు ఒక చూపు

ఇంజిన్‌కు డ్రైవర్ వైపున గేర్‌బాక్స్ ఉంటుంది, దాని డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం కొలిచే పుల్ల, ఆ వైపే లోతుగా ఉంటుంది. బానెట్ ఎత్తగానే ముందు కంటబడేది ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్. ఈ రెండింటినీ తికమక పడి ఇంజిన్ ఆయిల్‌ను గేర్‌బాక్స్‌లో పోసినవారు ఉన్నారు. అందుకే మేనల్లుడి చేత రెండు పుల్లలూ బయటికి తీయించి, రెండు ఆయిళ్లూ తెల్ల కాగితం మీద పక్కపక్కనే చుక్కలు పెట్టించాను. ఇంజిన్ ఆయిల్ తేనె రంగు నుంచి నలుపు దాకా ఎలాగైనా ఉండవచ్చు. గేర్‌బాక్స్ ఆయిల్ మొదట్లో ఎర్రగా ఉంటుంది, కారితే ఏది కారుతోందో తెలియడానికి ఆ రంగు కలుపుతారు.

మాది ఎరుపు పోయి ఇటుక రంగుకు తిరిగింది. మాడు వాసన లేదు. కాగితం మీద చుక్క బాగానే పాకింది, మధ్యలో నల్లటి మడ్డి నిలవలేదు. ఇది ఊరట కలిగించే సంగతే. చుక్క పాకకుండా నల్లగా ముద్దకట్టి, కాలిన వాసన వేస్తే క్లచ్ పలకల పూత అరిగి ఆయిల్‌లో కలిసిందని అర్థం. అప్పుడు ఆయిల్ పోసినా, మార్చినా పెద్దగా లాభం ఉండదు. స్ట్రాబెర్రీ పాలలా గులాబీ రంగులో చిక్కగా ఉంటే అది ఇంకా పెద్ద ప్రమాదం. గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలి నుంచే పోతుంది, అక్కడ చిల్లు పడి నీళ్లు కలిశాయన్నమాట. అలాంటప్పుడు బండి స్టార్ట్ చేయకుండా లారీ మీద ఎక్కించడమే మేలు.

పుల్ల మీద 'కూల్' అని ఒక జత గీతలు, వాటికి పైన 'హాట్' అని మరో జత. చల్లటి గీతలు కేవలం అంచనాకు. ఆయిల్ మార్చిన తర్వాత బండిని కదిలించేంత ఆయిల్ ఉందా లేదా అని చూసుకోవడానికి పనికొస్తాయి, అంతకుమించి వాటిని నమ్మకూడదు. ఈ గేర్‌బాక్స్‌లో మొత్తం ఆయిల్ సుమారు 5.6 లీటర్లు. గది వేడి నుంచి 80 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి అది సుమారు ఐదో వంతు లీటరు మేర వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు హాట్ గీత దాకా నింపితే వేడెక్కాక ఎక్కువైపోతుందన్నమాట.

వేడిగా ఉన్నప్పుడు అసలు కొలత

టొయోటా పద్ధతి ఇది. బండిని పావుగంట పైన నడపాలి, ఆయిల్ 70 నుంచి 80 డిగ్రీల మధ్యకు రావాలి. సమతలంగా ఉన్న నేల మీద నిలపాలి. మా డ్రైవ్‌వే వీధి వైపు వాలుగా ఉంటుంది కాబట్టి గరాజ్ తలుపు తెరిచిపెట్టి లోపలే నిలిపాం. హ్యాండ్ బ్రేకు వేసి, కాలితో బ్రేకు నొక్కి పట్టి, ఇంజిన్ నడుస్తూ ఉండగానే పార్క్ నుంచి చివరి 'ఎల్' దాకా ఒక్కో గేరులో రెండు మూడు క్షణాలు ఆగుతూ వెళ్లి మళ్లీ పార్క్‌కు రావాలి. ఈ తంతు అనవసరమని చాలామంది మానేస్తారు. కానీ ఒక్కో గేరుకు ఒక్కో క్లచ్ దారి ఉంటుంది, ఆ దారులన్నీ ఆయిల్‌తో నిండాకే అడుగున మిగిలిన మట్టం నిజమైన మట్టం అవుతుంది.

ఆ తర్వాత ఇంజిన్ ఆపకుండానే పుల్ల తీసి, తుడిచి, పూర్తిగా లోపలికి దింపి, మళ్లీ తీసి చూడాలి. ఇంజిన్ ఆపితే టార్క్ కన్వర్టర్‌లోని, గొట్టాల్లోని ఆయిల్ కొంత కిందికి దిగి మట్టం పెరిగినట్టు కనిపిస్తుంది. లేనిది ఉన్నట్టు చూపించే కొలత ఇక్కడ చాలా చెడ్డది. తుడిచే గుడ్డ దారాలు రాల్చకూడదు. ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో నడిపించే వాల్వ్ బాడీలోని దారులు చాలా సన్నవి, వాటిలోకి నూలు పోగులు పోవడం ఎవరికీ మంచిది కాదు. పుల్లకు రెండు వైపులా చూసి, తక్కువ చూపించే వైపునే నమ్మాలి. గొట్టం గోడకు అంటిన ఆయిల్ రెండో వైపును తడిపేస్తుంది.

ఇంజిన్ నడుస్తుండగా చేతులు లోపల పెట్టాలి కాబట్టి మేనల్లుడి హుడీ తాళ్లు లోపలికి దోపించాను. పొడుగు జుట్టు ఉన్నవారు ముడి వేసుకోవాలి, చున్నీ ఉంటే తీసేయాలి. బెల్టుకు మొహమాటం లేదు.

మా కొలత హాట్ కింది గీతకు ఇంకా కిందే ఉంది. చల్లగా చూసినప్పుడు కూల్ గీతల మధ్య తగలడం వల్ల ఫర్వాలేదనిపించింది గానీ, వేడి మీద సంగతి తేలింది.

ఇదంతా చూస్తున్న మేనల్లుడి రూమ్మేట్ తన పాత హోండా అకార్డ్‌ను కూడా ఇలాగే చూసుకుంటానన్నాడు. వద్దన్నాను. ఆ కాలపు హోండా ఆటోమేటిక్‌లకు పద్ధతి తలకిందులు. వేడెక్కాక ఇంజిన్ ఆపేసి, ఒకటి ఒకటిన్నర నిమిషాల్లోపు చూడాలి. పాత క్రైస్లర్ వెనకచక్రాల బళ్లలో న్యూట్రల్‌లో పెట్టి చూస్తారు. బండికో సంప్రదాయం. ఒకదాని పద్ధతి మరొకదానికి వాడితే కొలత తప్పుతుంది, తప్పు కొలతను నమ్మి పోసిన ఆయిల్ ఎక్కువో తక్కువో అవుతుంది. బండి పుస్తకం లేకపోతే పుల్ల మీద చెక్కిన అక్షరాలనైనా చదవాలి.

ఏ ఆయిల్ పోయాలి?

మా పుల్ల మీద 'డెక్స్రాన్ 2' అని ఉంది. దుకాణానికి వెళ్తే ఆ పేరుతో సీసా దొరకదు. ఈ పేర్ల వెనక పెద్ద కథే ఉంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను జనంలోకి తెచ్చింది జనరల్ మోటార్స్. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రా మాటిక్ పేరుతో వచ్చింది. దానికి తగిన ఆయిల్‌కు 1949లో 'టైప్ ఏ' అని ప్రమాణం రాశారు. 1960ల చివర డెక్స్రాన్ పేరు మొదలైంది. ఆ రోజుల్లో ఈ ఆయిల్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్ పలకలు కుదుపు లేకుండా మెత్తగా పట్టుకోవడానికి దాన్ని మించింది లేదని అప్పటి అనుభవం. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది, దాంతో ఆ నూనె దారి మూసుకుపోయింది. ప్రత్యామ్నాయాల కోసం రసాయన కంపెనీలు తలలు పట్టుకున్నాయి. ఆ వెతుకులాటలోంచి వచ్చిందే 1970ల డెక్స్రాన్ 2. తొలి రకం రేడియేటర్‌లోని కూలర్ అతుకులను తినేస్తోందని తేలి, దాన్ని మళ్లీ సవరించాల్సి వచ్చింది. 1993లో డెక్స్రాన్ 3 వచ్చింది, పాత రెండో రకం అడిగే బళ్లకూ అదే పోసేవారు. 2006 చివరితో డెక్స్రాన్ 3 లైసెన్సులను కూడా జనరల్ మోటార్స్ ఆపేసింది. అందుకే ఇప్పుడు ఆ పేరుతో అధికారిక ముద్ర ఉన్న సీసా ఉండదు, 'డెక్స్రాన్ 3 అడిగే బళ్లకు తగినది' అని చిన్న అక్షరాల్లో రాసిన బహుళ వాహనాల ఆయిల్ ఉంటుంది.

డెక్స్రాన్ 6 సంగతి కొందరు అడుగుతారు. అది పాతవాటికి బదులుగా వాడవచ్చని తయారీదారు అన్నది తన సొంత గేర్‌బాక్సుల మాట. ఆ ఆయిల్ మూడో రకం కన్నా పలచన. ముప్ఫై ఏళ్ల సీళ్లున్న (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయాలు) జపాన్ గేర్‌బాక్స్‌లో పలచటి ఆయిల్ పోయడానికి నాకు మనసు ఒప్పలేదు. ఖరీదు తేడా కూడా నా వైపే ఉంది. మూడో రకానికి తగిన మామూలు సీసాలే కొన్నాను.

పక్క అరలో 'టైప్ ఎఫ్' ఉంది. పాత ఫోర్డ్ బళ్ల కోసం చేసినది, క్లచ్‌లను గట్టిగా, ఠక్కున పట్టించేది. రంగు అదే ఎరుపు కాబట్టి చూసి తేడా చెప్పలేం. సీళ్లు ఉబ్బించి కారడం ఆపుతామనే చిన్న సీసాల జోలికి పోలేదు. ఎక్కడ కారుతోందో తెలియకముందే మందు పోయడం నా పద్ధతి కాదు.

పోయడం

పోసేది డిప్‌స్టిక్ గొట్టంలోనే. దాని నోరు చాలా సన్నం, అందుకని పొడుగు మూతి గరాటు ఒకటి కావాలి. ఆ గరాటును దీనికే కేటాయించాను. కూలెంట్ పోసిన గరాటును తుడిచి వాడితే తడి మిగులుతుంది, ఈ క్లచ్ పలకల అతుకుకు నీళ్లు పడవు.

ఇంజిన్ నడుస్తూ ఉండగా పావు లీటరు కన్నా తక్కువ పోసి, గేర్లన్నీ ఒకసారి తిప్పి, కాసేపు ఆగి కొలిచాం. మళ్లీ ఇంకొంచెం. ఇక్కడ తొందర పడితే రెండు ఇబ్బందులు. పోసిన వెంటనే గొట్టమంతా తడిసి ఉంటుంది, పుల్ల పైదాకా ఎర్రబడి ఏమీ అర్థం కాదు. పైగా ఎక్కువ పోస్తే తీయడం పోయడమంత సులువు కాదు. ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకోవడానికీ లేదు. తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగంటే గాలి, గాలి నొక్కితే కుంచించుకుపోతుంది, ఒత్తిడి నిలవదు. తక్కువైనా ఎక్కువైనా చివరికి క్లచ్ జారడమే ఫలితం.

అర లీటరుకు కొంచెం తక్కువతో మట్టం హాట్ గీతల మధ్యకు చేరింది. పై గీత దాకా నింపాలని వాడు పట్టుబట్టాడు. "రెండు గీతల మధ్య ఉంటే చాలురా, పరీక్ష మార్కులు కావు ఇవి" అన్నాను.

మర్నాడు ఉదయం రివర్స్ వెంటనే పడింది. కుదుపు పూర్తిగా పోలేదు గానీ ఆగి ఆలోచించడం పోయింది.

తగ్గిన ఆయిల్ ఎటు పోయిందన్నది తర్వాతి ప్రశ్న. గేర్‌బాక్స్‌లో ఆయిల్ కాలి తగ్గిపోదు, తగ్గిందంటే ఎక్కడో కారినట్టే. లైటు వేసి చూస్తే రేడియేటర్ దగ్గర కూలర్ రబ్బరు గొట్టం చివర తడిగా, దుమ్ము పట్టి జిడ్డుగా ఉంది. క్లిప్పు పట్టు వదిలింది. గొట్టం బిరుసెక్కింది కాబట్టి ముక్క మార్చాం. ఆయిల్‌కు, వేడికి తట్టుకునే గొట్టమే కావాలి, నీళ్ల గొట్టం వేస్తే ఉబ్బి ఊడుతుంది.

మార్చాలా, ఊరుకోవాలా?

రంగు ఇటుకలా ఉంది కాబట్టి సగమైనా మార్చాలనిపించింది. అంతకుముందు ఒక సర్వీసు సెంటర్‌లో అడిగితే, యంత్రం పెట్టి మొత్తం ఆయిల్ ఒకేసారి తోసి మారుస్తామన్నారు. ఏ ఆయిల్ వాడతారని అడిగితే 'అన్ని బళ్లకూ అదే' అన్నారు, అడుగు పళ్లెం విప్పుతారా అంటే అవసరం లేదన్నారు. దండం పెట్టి వచ్చేశాను. యంత్రం పద్ధతి అన్నిచోట్లా చెడ్డదని అనను. చరిత్ర తెలియని పాత గేర్‌బాక్స్‌కు మాత్రం నెమ్మదిగా, విడతలుగా మార్చడమే నాకు నచ్చుతుంది.

అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది, 10 మి.మీ. అలెన్ కీ పడుతుంది. విప్పితే వచ్చేది 2.5 లీటర్లు, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. అంటే ఒకసారి తీసి పోస్తే సుమారు 45 శాతం కొత్తదవుతుంది. కొన్ని వారాలు నడిపి మళ్లీ చేస్తే దాదాపు 70, మూడోసారికి 80 దాటుతుంది. ఆ పైన చేసేది ఆయిల్ కంపెనీకి చందా ఇవ్వడమే.

చేసేటప్పుడు పాటించింది ఒకటే: తీసినదెంతో కొలిచి, అంతే పోయడం. పాత ఆయిల్‌ను పళ్లెంలోంచి ఖాళీ పాల డబ్బాల్లోకి ఒంపి, అదే రకం డబ్బాల్లో కొత్తది కొలుచుకున్నాం. సీసాలు క్వార్టుల్లో వస్తాయి, క్వార్టంటే లీటరు కన్నా కొంచెం తక్కువ, 2.5 లీటర్లకు 2.6 క్వార్టులు. ఆయిల్ ఒంటికి కాలేంత వేడిగా ఉన్నప్పుడు ప్లగ్ విప్పకూడదు, గోరువెచ్చగా ఉంటే చాలు.

గేర్‌బాక్స్ అడుగు పళ్లెం కూడా దించి లోపల చూశాం. చిన్న అయస్కాంతాల మీద బూడిద రంగు మెత్తటి పేస్టు పట్టి ఉంది, వేళ్ల మధ్య నలిపితే గరుకు తగల్లేదు. ఈ వయసుకు అది మామూలే. మెరిసే రజను గానీ లోహపు ముక్కలు గానీ కనిపిస్తే కథ వేరేగా ఉండేది. జల్లెడ కడిగి ఆరబెట్టి బిగించాం. పళ్లెం బోల్టుల బిగింపు 4.9 న్యూటన్ మీటర్లే, అంటే చేతి మణికట్టు బలం. ఇక్కడ పొడుగు పానా తెచ్చి బలం చూపిస్తే అల్యూమినియంలోని మరలు ఊడి వస్తాయి.

ఆయిల్ మీద నేరం మోపేముందు ఇంకొకటి కూడా చూడాలి. ఈ గేర్‌బాక్స్‌కు యాక్సిలరేటర్ వైపు నుంచి ఒక కేబుల్ వస్తుంది. ఎంత గట్టిగా తొక్కుతున్నామో గేర్‌బాక్స్‌కు అదే చెబుతుంది, దాన్ని బట్టి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ మీది చిన్న లోహపు పూసకూ తొడుగు అంచుకూ మధ్య ఒక మిల్లీమీటరుకు మించి ఖాళీ ఉండకూడదు. మాది వదులుగా ఉంది. నట్లు తిప్పి సరిచేశాక మిగిలిన కుదుపు కూడా చాలావరకు తగ్గింది. ఆయిల్ బాగానే ఉన్న పాత టొయోటాల్లో గేర్లు మెత్తగా జారుతున్నాయంటే ఎక్కువమంది చూడనిది ఈ కేబులే.

రెండో ఆయిల్

ఇప్పుడు రొద సంగతి. ఈ బండి గురించి నేను ముఖ్యంగా రాయాలనుకున్నది ఇదే.

నాలుగు సిలిండర్ల క్యామ్రీలో ఆ కాలపు గేర్‌బాక్స్, ఏ140ఈ అని దాని పేరు, బయటికి ఒకటే పెట్టెలా కనిపిస్తుంది. లోపల మాత్రం డిఫరెన్షియల్‌కు, అంటే శక్తిని రెండు ముందు చక్రాలకూ పంచే గేర్లకు, ఆయిల్ గది వేరు. అందులో పోసేదీ ఎర్ర ఆయిలే, 1.6 లీటర్లు, కానీ రెండు గదుల మధ్య దారి లేదు. డిప్‌స్టిక్ చూపించేది మొదటి గదిని మాత్రమే. పుల్ల మీద మట్టం నిండుగా ఉండగానే డిఫరెన్షియల్ ఎండిపోయి ఉండవచ్చు. దానికి పుల్ల లేదు, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు లేదు. పక్కన ఒక ప్లగ్ ఉంటుంది, దాన్ని విప్పి చూసినవాడికే సంగతి తెలుస్తుంది. తొందరగా పని ముగించే షాపులు అడుగు ప్లగ్ ఒక్కటే విప్పి, ఆయిల్ మార్చాం అని రసీదు ఇస్తాయి. మన బండికి ఆ రసీదు కూడా లేదు.

మన దేశంలో పాత మారుతి 800 నడిపినవారికి ఈ ప్లగ్ కొత్త కాదు. మాన్యువల్ గేర్‌బాక్స్‌కూ డిప్‌స్టిక్ ఉండదు, పక్కనున్న రంధ్రం అంచు దాకా ఆయిల్ ఉందా అని చూడటమే కొలత. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న బండి చూసే మేస్త్రీ చిటికెన వేలు లోపల పెట్టి, కిందికి వంచి, తడి ఎక్కడ తగిలిందో చూసి చెప్పేవాడు. ఇక్కడా అదే పని. రంధ్రం కింది అంచుకు ఐదు మిల్లీమీటర్ల లోపు ఆయిల్ ఉండాలి.

కొలత సరిగా రావాలంటే బండి నాలుగు వైపులా సమంగా ఎత్తాలి. ముందు చక్రాలను మాత్రమే ర్యాంపు ఎక్కిస్తే బండి వెనక్కి వాలి మట్టం తప్పు చూపిస్తుంది. నాలుగు జాక్ స్టాండ్ల మీద నిలిపి, ఒకసారి గట్టిగా ఊపి చూసి, అప్పుడే కిందికి దూరాం. జాకీ ఒక్కదాని మీద నిలిచిన బండి కిందికి ఎవరూ దూరకూడదు.

ముందు పై ప్లగ్ విప్పి, అది కదిలిందని తేలాకే అడుగు ప్లగ్ ముట్టుకోవాలి. ఆయిల్ అంతా కార్చేశాక పోసే ప్లగ్ తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. మా పై ప్లగ్ మొండికేసింది. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేస్తే ఉదయం లొంగింది.

మేనల్లుడు వేలు పెట్టాడు. "మామయ్యా, ఏమీ తగలడం లేదు." వేలు పూర్తిగా వంచినా పొడిగానే వచ్చింది. అడుగు ప్లగ్ విప్పితే వచ్చిన ఆయిల్ నల్లగా, పెన్సిల్ ముల్లు కలిపినట్టు బూడిద మెరుపుతో ఉంది. కొలిస్తే ముప్పావు లీటరు కూడా లేదు, ఉండాల్సిన దాంట్లో సగం లేదన్నమాట. ప్లగ్ అయస్కాంతం కాకపోయినా, ఆ ఆయిల్‌లోకి ఒక అయస్కాంతం ముంచి తీశాను. సన్నటి పేస్టు అంటింది, ముక్కలు లేవు. ఇంత తక్కువ ఆయిల్‌తో ఎన్ని వేల మైళ్లు తిరిగిందో గానీ, పళ్లు విరగకుండా మిగలడం ఆ గేర్లు చేసినవాళ్ల గొప్పతనం.

పోయడానికి గరాటు పనికిరాదు, రంధ్రం పక్కకు ఉంటుంది. సీసా మూతికి బిగించే చేతి పంపు ఒకటి ఆటో పార్ట్స్ దుకాణంలో చవగ్గా దొరుకుతుంది. వాడు పంపు కొడుతుంటే నేను గొట్టం పట్టుకున్నాను. అంచు దాటి సన్నగా కారడం మొదలయ్యాక ఆపి, కారేదంతా కారనిచ్చి, కొత్త వాషర్‌తో ప్లగ్ బిగించాం. పట్టింది సుమారు 1.6 లీటర్లే. పుస్తకం మాటా, సీసా మాటా కలిశాయి.

ఎటు కారిందో కూడా కిందే కనిపించింది. డ్రైవర్ వైపు యాక్సిల్ గేర్‌బాక్స్‌లోకి దిగే చోట సీల్ చుట్టూ తడి, అక్కడి నుంచి వెనక్కి గాలికి చిమ్మిన జిడ్డు చార. బొట్లుగా నేల మీద పడేంత కాదు, అందుకే ఇన్నేళ్లూ పార్కింగులో మరక పెట్టి ఎవరినీ హెచ్చరించలేదు.

తర్వాత

హైవే మీద రొద బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. మిగిలిన చప్పుడు స్టీరింగ్ కొంచెం ఎడమకు తిప్పితే పెరుగుతోంది, కుడికి తిప్పితే తగ్గుతోంది. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది కాబట్టి అది కుడి చక్రం బేరింగ్ అయ్యే అవకాశమే ఎక్కువ. డిఫరెన్షియల్ చప్పుడైతే స్టీరింగ్ కన్నా యాక్సిలరేటర్ తొక్కడానికీ వదలడానికీ ఎక్కువ మారాలి. ఆ బేరింగ్ ఈ డైరీలో పని కాదు.

గేర్‌బాక్స్ మట్టాన్ని వేడి మీద మళ్లీ చూశాం. హాట్ గీతల మధ్యే ఉంది, కూలర్ గొట్టం చివర పొడిగా ఉంది. రంగు ఇప్పుడు ఎరుపుకు దగ్గరైంది గానీ సీసాలోని ఎరుపు కాదు. సంక్రాంతి సెలవులనాటికి ఇంకోసారి 2.5 లీటర్లు మార్చాలి. పాత ఆయిల్ డబ్బాలను ఆటో పార్ట్స్ దుకాణంలో ఇచ్చేశాం. గేర్‌బాక్స్ ఆయిల్‌ను కూడా అక్కడ ఉచితంగానే తీసుకుంటారు, కూలెంట్‌తో గానీ బ్రేకు ఆయిల్‌తో గానీ కలిపి ఉండకపోతే చాలు.

యాక్సిల్ సీల్ ఆర్డరు పెట్టాను. దాన్ని మార్చాలంటే యాక్సిల్ బయటికి లాగాలి, 30 మి.మీ. సాకెట్, కొత్త కాటర్ పిన్ కావాలి. యాక్సిల్ లాగితే డిఫరెన్షియల్ ఆయిల్ ఆ రంధ్రంలోంచే కొంత బయటికి వస్తుంది, కాబట్టి మొన్న పోసిన కొత్త ఆయిల్‌ను ముందే శుభ్రమైన పళ్లెంలోకి దించి, సీల్ వేశాక అదే తిరిగి పోస్తాం. తక్కువైనది సీసాలో మిగిలి ఉంది. అప్పటిదాకా రెండు వారాలకోసారి పక్క ప్లగ్ విప్పి వేలు పెట్టి చూడటం మేనల్లుడి పని. రెండో ప్లగ్ ఎక్కడుందో ఫోనులో ఫొటో తీసి రూమ్మేట్లకు పంపాడు, వాళ్లలో ఒకడి దగ్గర 1994 క్యామ్రీ ఉందట. ఈ ఆదివారం దాన్నీ తీసుకురమ్మన్నాను.